గోల్ ముందు అందరూ ఉన్నా గోల్స్ ఎందుకు పడుతున్నాయి?

ప్రశ్న: మాది ఔత్సాహిక ఫుట్‌బాల్ జట్టు. కుర్రాళ్లకు పరుగు, ఓపిక ఉన్నాయి కానీ బంతి మీద పట్టు తక్కువ. మా లీగ్‌లో పైనున్న జట్లన్నీ పాసింగ్ ఆట ఆడతాయి. వాళ్లతో రెండుసార్లు 5-4-1లో (ఐదుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఒక స్ట్రైకర్) అందరినీ మా గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ దగ్గరికి దింపి, దొరికిన బంతిని ముందున్న ఒక్క స్ట్రైకర్‌కి కొట్టాలని చూశాం. ఒకటి 0-3, ఇంకొకటి 0-2తో ఓడిపోయాం. ఎంత దూరం కొట్టినా బంతి పది సెకన్లలో తిరిగొచ్చేస్తోంది. 4-4-2కి మారాలా? డిఫెన్స్ లైన్ ఎక్కడ ఉంచాలి? కౌంటర్‌కి, అంటే బంతి దొరకగానే చేసే ఎదురుదాడికి, ఎంతమంది వెళ్లాలి? స్ట్రైకర్‌ని కూడా వెనక్కి రమ్మనాలా? వారానికి రెండు ప్రాక్టీసులు చేస్తాం. టోర్నమెంట్‌కి ఐదు వారాలుంది.

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి ఫార్మేషన్ గురించి అడిగిన చోట లేదు, "పది సెకన్లలో తిరిగొచ్చేస్తోంది" అన్న చోట ఉంది. మీ జట్టు డిఫెన్స్ చేతకాక ఓడలేదు, బంతి దొరికాక అందుకునేవాడు దగ్గర్లో లేక ఓడింది. మీరు రాసినదాన్ని బట్టి ఐదుగురు డిఫెండర్లు బాక్స్ లోపల, నలుగురు మిడ్‌ఫీల్డర్లు బాక్స్ అంచున, స్ట్రైకర్ ఒక్కడే సెంటర్ సర్కిల్‌లో ఉంటున్నారు. అతనికీ దగ్గరి సహచరుడికీ మధ్య 30 మీటర్లకు తగ్గని ఖాళీ. అంత దూరం గాల్లో వచ్చిన బంతిని ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల (డిఫెన్స్ మధ్యలో ఉండేవాళ్ల) మధ్య ఆపి, తోటివాళ్లు వచ్చేదాకా కాపాడటం వృత్తి ఆటగాళ్లకే కష్టం. బంతి పోతుంది, మళ్లీ దాడి వస్తుంది. ఊపిరి తిరక్కుండా దాడి మీద దాడి వస్తుంటే ఎంత గట్టి డిఫెన్స్ అయినా ఎక్కడో ఓచోట జారుతుంది.

అందుకే లెక్క వెనకనుంచి వేసుకోవాలి. బంతి దొరికిన క్షణంలో మొదటి పాస్ ఎవరికి వెళ్లాలో ముందు తేల్చుకుని, ఆ మనిషి అక్కడ ఉండేలా డిఫెన్స్‌ని నిలబెట్టాలి. ఈ రెంటినీ విడివిడిగా నేర్పితే ఏదీ కుదరదు.

ముందు లైన్ సంగతి. పూర్తి మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు అనుకుందాం. పెనాల్టీ బాక్స్ లోతు 16.5 మీటర్లు. బంతి సెంటర్ లైన్ దగ్గర ప్రత్యర్థి కాళ్ల మధ్య ఉన్నప్పుడు మీ డిఫెన్స్ లైన్ గోల్ లైన్‌కి 22 నుంచి 25 మీటర్ల దూరంలో, అంటే బాక్స్ బయట ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ముందు ఉండాలి. ముందున్న స్ట్రైకర్ సెంటర్ లైన్‌కి కాస్త ఇవతల ఉంటాడు. మొదటివాడికీ చివరివాడికీ మధ్య 25 నుంచి 30 మీటర్లు మించకూడదు. 1980ల చివర్లో మిలాన్ కోచ్ అరిగో సాకీ పెట్టుకున్న కొలత 25 మీటర్లు. ఆయన జట్టు మైదానం పైభాగంలో ఒత్తిడి పెట్టి ఆడేది, మీరు కింద ఆడతారు. చోటు మారినా కొలత మాత్రం అదే పనికొస్తుంది. మీ గ్రౌండ్ చిన్నదైతే బాక్స్ అంచునే గుర్తుగా పెట్టుకోండి. బంతి బాక్స్ దరిదాపుల్లోకి రానంతవరకు లైన్ బాక్స్ లోపలికి పోకూడదు.

లోపలికి పోతే ఏమవుతుంది? బాక్స్‌లో పడిన ప్రతి క్రాసూ (పక్కనుంచి బాక్స్‌లోకి వేసే బంతి), ఎవరి కాలికో తగిలి మళ్లిన ప్రతి షాటూ ప్రమాదమే. గోల్‌కీపర్‌కి బంతి కనపడదు, బయటికి రావడానికి దారి ఉండదు. మీవాళ్లే అడ్డం. పైగా బాక్స్ అంచున దొరికే రెండో బంతి, అంటే క్లియర్ చేశాక పడే బంతి, ప్రతిసారీ వాళ్లదే అవుతుంది. మీకు పడ్డ ఐదు గోల్స్‌లో ఎన్ని ఇలా రెండో బంతి నుంచి వచ్చాయో ఓసారి గుర్తు చేసుకోండి.

లైన్ ఒకచోట పాతేసిన గోడ కాదు. అది కదలడానికి ఒక్కటే సూత్రం: బంతి ఉన్న ప్రత్యర్థి తలెత్తి ముందుకు కొట్టగలిగే స్థితిలో ఉన్నాడా లేదా. తీరిగ్గా తలెత్తి చూస్తుంటే, అతని మీద మీవాడెవడూ లేకపోతే, లైన్‌లోని డిఫెండర్లు నలుగురూ మూడు నాలుగు మీటర్లు వెనక్కి తగ్గాలి, ఎందుకంటే మీ వెనక్కి బంతి వచ్చేది అప్పుడే. అతను వెనక్కి పాస్ ఇచ్చినా, మీ గోల్‌కి వీపు పెట్టి బంతి అందుకుంటున్నా, మీవాడు మీద పడి అతని తల కిందికి దిగినా, నలుగురూ మూడు నుంచి ఐదు మీటర్లు ముందుకు రావాలి. చాలా జట్లు తగ్గడం నేర్చుకుంటాయి, పైకి రావడం నేర్చుకోవు. ప్రతి దాడికీ రెండు మీటర్లు తగ్గి, తిరిగి రాకపోతే పావుగంటలో లైన్ ఆరు గజాల బాక్స్ మీద ఉంటుంది. ఎవరూ తగ్గమని చెప్పలేదు, అదే జారిపోయింది. కాబట్టి "పైకి!" అని అరిచే గొంతు ఒక్కటే ఉండాలి. సాధారణంగా అది సెంటర్ బ్యాక్‌లలో ఒకరిది. ఇద్దరు అరిస్తే సగం మంది పైకి వస్తారు, సగం మంది ఉండిపోతారు, ఆఫ్‌సైడ్ (పాస్ వదిలే క్షణానికి డిఫెండర్లని దాటి ముందున్నవాడు బంతి అందుకోకూడదన్న నియమం) మీకు అక్కరకు రాదు.

ఇక అడ్డం. 68 మీటర్ల వెడల్పును నలుగురితో కాపలా కాయడం కుదరదు, ఐదుగురితోనూ కుదరదు. కుదరదని ఒప్పుకోవడమే మొదటి మెట్టు. నలుగురి మధ్య 8 నుంచి 10 మీటర్ల చొప్పున మూడు ఖాళీలు ఉంటాయి, మొత్తం 24 నుంచి 30 మీటర్లు. మిగిలిన సగానికి పైగా మైదానాన్ని వదిలేయాలి, అదీ బంతికి దూరంగా ఉన్న సగాన్ని. బంతి కుడి టచ్‌లైన్ (పక్క గీత) దగ్గరుంటే మీ అవతలి ఫుల్‌బ్యాక్ (డిఫెన్స్ వరుస చివర ఉండేవాడు) దూరపు గోల్‌పోస్టుకి ఎదురుగా, అవతలి వింగర్ (మిడ్‌ఫీల్డ్ వరుస చివర ఉండేవాడు) మైదానం నడిమధ్యకి వచ్చేయాలి. వాళ్ల వింగర్ ఆ మూల చేతులూపుతూ ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఉండనివ్వండి. అక్కడికి బంతిని గాల్లో మార్చాలంటే రెండు మూడు సెకన్లు పడుతుంది, అందుకుని ఆపడానికి ఇంకో సెకను. ఆ వ్యవధిలో నలుగురూ తాడుతో కట్టినట్టు కలిసి జరిగితే అందుకోగలరు.

ఇక్కడ తరచూ తెగే ముడి ఒకటుంది. బంతి వాళ్ల వింగర్‌కి వెళ్తుంది, మీ ఫుల్‌బ్యాక్ అతని మీదికి వెళ్తాడు, పక్కనున్న సెంటర్ బ్యాక్ మాత్రం కదలడు. ఇద్దరి మధ్య 15 మీటర్ల సందు పడుతుంది. వాళ్ల మిడ్‌ఫీల్డర్ సరిగ్గా ఆ సందులోకి పరుగెత్తి, గోల్ లైన్ దగ్గర బంతి అందుకుని వెనక్కి తోస్తాడు. ఫుల్‌బ్యాక్ బయటికి వెళ్తే సెంటర్ బ్యాక్ అతనికి ఏటవాలుగా వెనక ఐదారు మీటర్ల దూరంలోకి రావాలి. అతను వస్తే రెండో సెంటర్ బ్యాక్, అతని వెంట అవతలి ఫుల్‌బ్యాక్ జరగాలి. ఒక్కడు ఆలస్యమైతే గొలుసంతా తెగినట్టే. సెంటర్ బ్యాక్ కాలు మెల్లదైతే ఆ సందును పూడ్చే పని దగ్గరి సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌కి అప్పగించండి. ఎవరికి అప్పగించినా ఫరవాలేదు, మ్యాచ్‌కి ముందే తేలి ఉండాలి.

ఇప్పుడు ఫార్మేషన్. మీ పరిస్థితికి 4-4-2 మంచిదే, అయితే బంతి లేనప్పుడు దాన్ని 4-4-1-1గా, అంటే ముందున్న ఇద్దరిలో ఒకడు కాస్త కిందికి దిగినట్టు, చూడండి. కారణం ఒక్కటే, ముందు ఇద్దరుంటే మొదటి పాస్‌కి రెండు దారులుంటాయి. ఒకడు కాలికి అందుకుంటాడు, ఇంకొకడు వాళ్ల డిఫెన్స్ వెనక ఖాళీలోకి పరుగెడతాడు. 2015-16లో లీసెస్టర్ సిటీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచింది ఈ అమరికతోనే. కోచ్ క్లాడియో రనియేరి జట్టులో సెంటర్ బ్యాక్‌లు వెస్ మోర్గన్, రాబర్ట్ హుత్ వేగం ఉన్నవాళ్లు కాదు కాబట్టి లైన్ కిందనే ఉండేది. షింజి ఒకజాకి బంతి పోగానే మిడ్‌ఫీల్డ్ మీదికి దిగేవాడు. జేమీ వార్డీ మాత్రం చివరి డిఫెండర్ భుజం పక్కనే ఉండి వెనక ఖాళీలోకి పరుగు తీసేవాడు. మీ "స్ట్రైకర్‌ని వెనక్కి రమ్మనాలా" అన్న ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఒకడు రావాలి, ఒకడు రాకూడదు. దిగేవాడికి మీ జట్టులో బంతిని బాగా ఆపగలవాణ్ణి, పైనుండేవాడికి పరుగున్నవాణ్ణి ఎంచుకోండి. తారుమారైతే రెండూ చెడతాయి.

4-4-2 బలహీనత మధ్యలో ఉంది. వాళ్ల మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురుంటే మీ ఇద్దరి మధ్యలోంచి బంతి జారుతుంది. దిగే ఫార్వర్డ్ వాళ్లలో అందరికంటే వెనకుండే మిడ్‌ఫీల్డర్‌కి బంతి రాకుండా నీడలా నిలబడితే ముగ్గురికి ముగ్గురవుతారు. ఆ పని ఓపిగ్గా చేసేవాడు లేకపోతే 4-1-4-1 మేలు. 2022 ప్రపంచకప్‌లో మొరాకో ఆ తరహాలోనే ఆడింది. డిఫెన్స్ ముందు సోఫియాన్ అమ్రబాత్ ఒక్కడే తెరలా ఉండేవాడు. సెమీఫైనల్‌కి ముందు ఆడిన ఐదు మ్యాచుల్లో వాళ్లకి పడింది ఒకే ఒక్క గోల్, అదీ వాళ్లవాడే వేసుకున్న సెల్ఫ్ గోల్. కానీ 4-1-4-1లో ముందు ఒక్కడే ఉంటాడు. కాబట్టి ఇద్దరు వింగర్లు చాలా వేగంగా, చాలాసార్లు పరుగెత్తగలగాలి. మీ కుర్రాళ్లకు పరుగుంది అన్నారు కాబట్టి దీన్ని పక్కన ఉంచుకోండి. 5-3-2 సంగతి క్లుప్తంగా: క్రాసుల మీద ఎక్కువగా ఆధారపడే జట్టు మీద, సెంటర్ బ్యాక్‌లు ముగ్గురు మంచివాళ్లుంటే పనికొస్తుంది. ముగ్గురు మిడ్‌ఫీల్డర్లే అటూ ఇటూ వెడల్పంతా పరుగెత్తాలి కాబట్టి రెండో సగంలో వాళ్ల కాళ్లు కదలవు.

కేవలం వెనక నిలబడి నెగ్గిన మ్యాచులూ ఉన్నాయి కదా అని మీవాళ్లెవరైనా అనొచ్చు. 2010 ఏప్రిల్ 28న చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో అంచెలో ఇంటర్ మిలాన్ బార్సిలోనా మైదానంలో గంటకు పైగా పదిమందితో గోల్ కాపాడుకుంది. నిజమే. కానీ మొదటి అంచెలో 3-1 గెలిచి వచ్చారు, రెండు మ్యాచుల గోల్స్ కలిపి లెక్కిస్తారు కాబట్టి ఆ రాత్రి 0-1తో ఓడిపోయి కూడా ఫైనల్‌కి వెళ్లారు. కాపాడుకోవడానికి చేతిలో ఆధిక్యం ఉన్నప్పుడు పనికొచ్చే ఆట అది. 0-0 నుంచి మొదలయ్యే మ్యాచ్‌కి దాన్ని నమూనాగా తీసుకోవద్దు.

బంతిని ఎక్కడ గెలుచుకోవాలన్నది తరువాతి మాట. ఎక్కడ పడితే అక్కడ మీద పడితే ఖాళీలు తెరుచుకుంటాయి, అసలు పడకపోతే బంతి దొరకదు. ఒక చోటు ఎంచుకుని అక్కడికి వాళ్లనే రానివ్వండి. మీ స్థాయికి నప్పే చోటు టచ్‌లైన్ పక్క, సెంటర్ లైన్‌కి కాస్త ఇవతల. మీ ఫార్వర్డ్‌లిద్దరూ వాళ్ల సెంటర్ బ్యాక్‌ల మీదికి దూకకుండా మధ్యలోకి వెళ్లే పాస్‌ని మూసి నిలబడతారు. వేరే దారి లేక సెంటర్ బ్యాక్ తన ఫుల్‌బ్యాక్‌కి ఇస్తాడు. బంతి ఇంకా దొర్లుతుండగానే మీ వింగర్ కదలాలి. బంతి అందాక కదిలితే ఆలస్యమైపోయినట్టే. వింగర్ లోపలివైపు నుంచి ఏటవాలుగా వెళ్లి మధ్యలోకి దారి మూస్తాడు, టచ్‌లైన్ అవతలివైపు మూస్తుంది. అదే క్షణంలో దగ్గరి సెంట్రల్ మిడ్‌ఫీల్డర్ వాళ్ల దగ్గరి మిడ్‌ఫీల్డర్‌ని అంటిపెట్టుకోవాలి, మీ ఫుల్‌బ్యాక్ లైన్ వెంట ముందుకు వచ్చే పాస్ కోసం రెండడుగులు ముందుకు రావాలి, ఫార్వర్డ్ వెనక్కిచ్చే పాస్‌ని మూయాలి. నలుగురు కలిసి కదిలితేనే వల. ఒక్కడే వెళ్తే వాళ్లు ఒక్క పాస్‌తో అతన్ని దాటేస్తారు, అతను వదిలిన చోటులోంచి మీ మీదికే వస్తారు.

మీద పడటానికి సంకేతాలు మూడు చాలు, ఎక్కువ చెబితే ఆటలో గుర్తుండవు. బంతిని ఆపబోయి దూరం తన్నుకోవడం, మీ గోల్‌కి వీపు పెట్టి బంతి అందుకోవడం, ఫుల్‌బ్యాక్‌కి మెల్లగా వెళ్లే పాస్. వీటిలో ఏదీ లేకపోతే చోటులో ఉండండి. కుర్రాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టం. పరుగున్నవాళ్లు పరుగెత్తకుండా నిలబడలేరు.

టచ్‌లైన్ దగ్గర ఎందుకంటే, ఫుల్‌బ్యాక్ ముందుకొచ్చాడంటే అతని వెనక చోటు ఖాళీ. అక్కడ బంతి గెలిచారంటే కౌంటర్‌కి దారి అప్పటికే తెరుచుకుని ఉంటుంది.

గెలిచాక మొదటి మూడు సెకన్లు. పాసింగ్ ఆడే జట్లు బంతి పోయిన చోటే ముగ్గురు నలుగురై మూగుతాయి. మీవాళ్లు గుడ్డిగా ముందుకు కొట్టడానికి కారణం అదే, భయం. మొదటి పాస్‌కి ఒకటే లక్ష్యం ఉండాలి: ఆ గుంపులోంచి బయటపడాలి. ముందుకైతే మంచిదే, అడ్డంగానైనా ఫరవాలేదు. అందుకునేవాడు సాధారణంగా దిగిన ఫార్వర్డ్. అతను బంతి ఉన్న వైపుకి జరిగి, గుంపుకి పది పదిహేను మీటర్ల దూరంలో, వాళ్ల మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య ఉండాలి. అతని వీపు వాళ్ల గోల్‌వైపు ఉంటుంది కాబట్టి తిరగాలని చూడొద్దు. ఒకే తాకుడులో, ఎదురుగా పరుగెత్తుకొస్తున్న మిడ్‌ఫీల్డర్‌కి వెనక్కి ఇవ్వాలి. ఇప్పుడు బంతి ముఖం ముందుకున్నవాడి కాలి దగ్గరుంది, అతను తలెత్తి వార్డీలాంటివాడి ముందుకు వదులుతాడు. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు: మూడు పాసులు. మీ కుర్రాళ్లు ఇంకేమీ నేర్చుకోకపోయినా ఈ మూడు పాసులు నిద్రలో అయినా వేయగలగాలి.

పైనున్న స్ట్రైకర్‌కి ఆఫ్‌సైడ్ నియమం ఓ వరం ఇచ్చింది. బంతి వదిలిన క్షణంలో తన సగంలో ఉన్నవాడు ఆఫ్‌సైడ్ కాడు. వాళ్ల సెంటర్ బ్యాక్‌లు సెంటర్ లైన్ దాటి మీ సగంలోకి వచ్చేశారంటే మీవాడు సెంటర్ లైన్‌కి ఇవతల నిలబడి, వాళ్ల వెనక సగం మైదానం ఖాళీలోకి బయల్దేరొచ్చు. నిటారుగా కాకుండా ముందు ఒకట్రెండు అడుగులు అడ్డంగా వేసి, డిఫెండర్ చూపు బంతి మీద ఉండగా వంపు తిరిగి పరుగెత్తమనండి. నిటారుగా వెళ్లేవాడు పాస్ అర సెకను ఆలస్యమైతే ఆఫ్‌సైడ్‌లో దొరికిపోతాడు.

కౌంటర్‌కి ఎంతమంది? నలుగురు, దారి బాగా తెరుచుకుంటే ఐదుగురు. ఇద్దరు ఫార్వర్డ్‌లు, బంతి ఉన్న వైపు వింగర్, అవతలి వింగర్. ఐదో మనిషి సెంట్రల్ మిడ్‌ఫీల్డర్, కాస్త వెనకగా బాక్స్ అంచుకి. సెంటర్ బ్యాక్‌లిద్దరు, ఫుల్‌బ్యాక్‌లిద్దరు, రెండో సెంట్రల్ మిడ్‌ఫీల్డర్ ఉండిపోతారు. ఉండిపోయేవాళ్లు కూడా నిలబడి చూడకూడదు, 15 మీటర్లు పైకి జరిగి వాళ్లు వదిలిన స్ట్రైకర్‌ని అంటిపెట్టుకోవాలి. లేకపోతే కౌంటర్ విఫలమైన మరుక్షణం మధ్యలో 40 మీటర్ల ఖాళీ, వాళ్ల కౌంటర్ మొదలు.

పరుగెత్తే నలుగురూ మూడు దారుల్లో విడిపోవాలి, మధ్య, కుడి, ఎడమ. బంతి మధ్యదారిలో ఉన్నవాడు పాస్ కోసం తొందరపడకూడదు. డిఫెండర్ మీదికి నేరుగా బంతితో వెళ్లాలి, అతను ఆగి తన మీదికి వచ్చేదాకా. రెండు మూడు మీటర్ల దూరంలో, అతని కాలు ముందుకు పడిన క్షణంలో పక్కకి వదలాలి. ముందే వదిలితే డిఫెండర్ పాస్‌తో పాటే జరుగుతాడు, ఆలస్యమైతే బంతి అతని కాలికి తగులుతుంది. మీ స్థాయిలో కౌంటర్లు ఎక్కువగా చెడేది ఈ ఒక్క అడుగు దగ్గరే.

ఇదంతా ఒకే చోట కనిపించిన దాడి ఒకటి ఉంది, మీ కుర్రాళ్లకు వీడియోలో ఆపి ఆపి చూపించండి. 2018 ప్రపంచకప్‌లో జులై 2న రాస్తోవ్‌లో బెల్జియం, జపాన్ 2-2తో ఉన్నాయి. చివరి నిమిషాల్లో జపాన్ కార్నర్. బెల్జియం గోల్‌కీపర్ తిబో కూర్తువా బంతిని గాల్లోనే పట్టాడు. దూరం తన్నలేదు, పరుగు తీస్తున్న కెవిన్ డి బ్రైనా ముందుకు చేత్తో దొర్లించాడు. డి బ్రైనా ఖాళీ మైదానం మధ్యలోంచి బంతితో దూసుకెళ్లాడు, డిఫెండర్ తన మీదికి వచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు. రొమెలు లుకాకు లోపలికి పరుగెత్తి ఒక డిఫెండర్‌ని తనతో లాక్కెళ్లడంతో కుడివైపు తోమా మూనియే ఖాళీ అయ్యాడు. బంతి అతనికి వెళ్లింది, అతను ఒకే తాకుడులో నేల వెంట అడ్డంగా కొట్టాడు. లుకాకు తాకకుండా వదిలేశాడు, వెనకనుంచి వచ్చిన నాసర్ షాడ్లీ గోల్లోకి నెట్టాడు. 3-2. దాదాపు పది సెకన్ల పని. ఇందులో లుకాకు బంతిని ఒక్కసారీ తాకలేదు, అయినా అతని రెండు పనులు లేకపోతే ఆ గోల్ లేదు. "బంతి నాకు రాలేదు" అని గొణిగే ఫార్వర్డ్‌కి ఇది రెండుసార్లు చూపించండి.

గోల్‌కీపర్ గురించి మీరు ఏమీ అడగలేదు కానీ ఆ దాడి మొదలైంది అతని చేతుల్లోనే. క్రాస్ పట్టిన వెంటనే బాక్స్ అంచుదాకా పరుగెత్తి, 25 నుంచి 30 మీటర్ల దూరం బంతి వచ్చిన వైపుకి వ్యతిరేక దిశలో వింగర్‌కి విసరడం ప్రాక్టీస్ చేయించండి. బంతిని గుండెలకి హత్తుకుని నేల మీద పడుకుని సమయం గడపడం ఆధిక్యంలో ఉన్నప్పటి మాట.

ప్రతి బంతినీ కౌంటర్ చేయాలని లేదు. ముందుకు దారి లేదని తేలిందా, ఆగండి. వెనక్కిచ్చి ఐదారు పాసులు వేసుకోండి, టచ్‌లైన్ దగ్గర ఒక త్రో సంపాదించుకోండి. అరనిమిషం బంతి మీ దగ్గరుంటే అరనిమిషం డిఫెన్స్ చేయనక్కర్లేదు. పైగా త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా అందుకునేవాడికి ఆఫ్‌సైడ్ లేదన్నది చాలామంది మర్చిపోతారు.

వాళ్ల కార్నర్లప్పుడు పదకొండు మందినీ బాక్స్‌లోకి దింపకండి. సెంటర్ లైన్ దగ్గర ఒకణ్ణి, బాక్స్ అంచున ఇంకొకణ్ణి ఉంచండి. ఒకడి కోసం వాళ్లు ఇద్దరిని వెనక ఉంచాల్సి వస్తుంది, మీ బాక్స్‌లో ఆ మేరకు రద్దీ తగ్గుతుంది. ఇక మీకు దొరికే కార్నర్లూ ఫ్రీ కిక్‌లూ. వెనక ఆడే జట్టుకి ఓపెన్ ప్లేలో అవకాశాలు తక్కువే వస్తాయి, వీటిని వదులుకుంటే ఇంకేం మిగలదు. యూరో 2004లో గ్రీస్ నాకౌట్ మ్యాచులు మూడూ 1-0తోనే గెలిచింది, సెమీఫైనల్, ఫైనల్ రెంటిలోనూ కార్నర్ నుంచి తలతో కొట్టిన గోల్‌తో. మీరు రెండే రెండు కార్నర్ పద్ధతులు నేర్పండి, మూడోది వద్దు.

ప్రాక్టీసు. మొదటి రెండు వారాలు నిలబడటమే. ప్రత్యర్థి లేకుండా ఎనిమిది మంది, డిఫెన్స్, మిడ్‌ఫీల్డ్ రెండు వరుసల్లో. మైదానం సగంలో వెడల్పు పొడుగునా నాలుగు రంగుల కోన్లు పెట్టి మీరు రంగు పేరు చెబితే బంతి అక్కడున్నట్టు జరగాలి. "తలెత్తాడు" అంటే తగ్గాలి, "వెనక్కి" అంటే పైకి రావాలి. ఎనిమిది నిమిషాలు చొప్పున రెండు విడతలు, అంతకు మించితే ధ్యాస పోతుంది. తర్వాత అదే ఎనిమిది మంది మీద పదిమందిని వదలండి. దాడి చేసేవాళ్లకి గోల్‌కి ఒక పాయింట్, డిఫెన్స్ చేసేవాళ్లు బంతి గెలిచి ఆరు సెకన్లలో సెంటర్ లైన్ మీద పెట్టిన రెండు చిన్న గేట్లలో ఒకదానిలోంచి పాస్ వేస్తే రెండు పాయింట్లు. ఆ గేట్లు మీ ఇద్దరు ఫార్వర్డ్‌లు నిలబడే చోటే పెట్టండి. మూడో వారం నుంచి గేట్ల స్థానంలో మనుషుల్ని పెట్టి, గెలిచాక 12 సెకన్లలో అవతలి గోల్ మీద షాట్ పడాలని నియమం పెట్టండి. విడిగా సెంటర్ లైన్ నుంచి ముగ్గురు ఇద్దరి మీద, పది సెకన్లలో ముగించాలి. ఒక పరుగుకి అయిదింతల విశ్రాంతి ఇవ్వండి, అలసిన కాళ్లతో చేసే కౌంటర్ ప్రాక్టీసు తప్పుల్నే అలవాటు చేస్తుంది. ఐదో వారం మొత్తం జట్టుతో ఒక మ్యాచ్, ఒక కార్నర్ ప్రాక్టీసు చాలు.

మ్యాచ్‌లో బెంచి మీద ఒకరికి కాగితం ఇచ్చి రెండే లెక్కలు రాయించండి: బంతి గెలిచింది ఎన్నిసార్లు, మొదటి పాస్ మనవాడికి చేరింది ఎన్నిసార్లు. విరామానికి సగం కూడా చేరకపోతే దిగే ఫార్వర్డ్ తప్పు చోట ఉన్నాడు, లేదా లైన్ కిందికి జారింది. లైన్ జారిందో లేదో టచ్‌లైన్ నుంచి మీకే కనపడుతుంది.

ముందే గోల్ పడితే? వెంటనే మనిషిని ముందుకు పంపొద్దు. అదే అమరికను మొత్తంగా పది మీటర్లు పైకి జరపండి, గంట ఆట దాకా అలాగే ఉండండి. మార్చాల్సి వస్తే మొదట మార్చాల్సింది వింగర్లని, అదీ 60 నిమిషాల ప్రాంతంలో. ఈ ఆటలో అందరికంటే ఎక్కువ పరుగెత్తేది వాళ్లే, అలసిపోయిన వింగర్ వెనక్కి రాని చోటనుంచే మీ ఫుల్‌బ్యాక్ ఇద్దరి మధ్య చిక్కుతాడు. ఎదుటి జట్టు కూడా వెనక్కి తగ్గి కూర్చుంటే ఈ పథకం పనిచేయదు, ఎందుకంటే వాళ్ల వెనక ఖాళీ ఉండదు. అప్పుడు బంతిని వాళ్ల గోల్‌కీపర్‌కో సెంటర్ బ్యాక్‌కో వదిలేసి మీరు మీ చోటికి వచ్చేయండి. బంతి తమ దగ్గరే ఉంటే ఎంత జాగ్రత్తపరులైనా కాసేపటికి ముందుకు వస్తారు, వాళ్ల ఫుల్‌బ్యాక్ సెంటర్ లైన్ దాటగానే మీ వల మొదలు.